పలకని డబ్బా

పోయిన వారం మనం అండాలును రాళ్లవాగు అంగడిలో, నడినెత్తి ఎండలో, తొమ్మిది పొట్టేళ్ల దగ్గర నిలబెట్టి వచ్చాం. తొమ్మిదీ బండెక్కాయి. కొన్నవాడు ఫోన్‌లో డబ్బు కొట్టానన్నాడు. అతని ఫోన్ మీద పచ్చటి టిక్కు కనపడుతూనే ఉంది. కానీ డబ్బు పడగానే గట్టిగా అరిచి చెప్పాల్సిన స్పీకర్ డబ్బా అండాలు బల్ల మీద ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

భర్త రాజం పోయాక ఆరేళ్లుగా జీవాల బేరం అండాలే చూసుకుంటోంది. నల్గొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డుకు అర కోసు లోపల, ప్రతి శనివారం రాళ్లవాగులో గొర్రెలూ మేకలూ అమ్మే అంగడి జరుగుతుంది. ఒకప్పుడు అంతా నోట్ల మీదే నడిచేది. రెండేళ్లుగా కొనేవాళ్లు నోట్లు తేవడమే మానేశారు. స్కానర్ లేదంటే పక్క దొడ్డికి పోతున్నారు. చేసేది లేక అండాలు కూడా స్కానర్ తీసుకుంది. దాన్ని రేకు ముక్కకు అంటించి, జీవాలను తూచే కాంటా ఇనుప స్తంభానికి తీగతో కట్టింది. దానితో పాటు ఈ డబ్బా వచ్చింది.

అంతకు ముందు శనివారం ఇదే అంగడిలో ముసలి గాలయ్య దగ్గర ఇద్దరు కొత్త మనుషులు పదకొండు పొట్టేళ్లు కొన్నారు. ఫోన్‌లో పచ్చ టిక్కు చూపించారు. తెల్ల ట్రాలీ బండిలో ఎక్కించుకొని పోయారు. సాయంత్రానికి తెలిసింది, ఆ టిక్కు ఒట్టి బొమ్మ అని. రూపాయి కూడా రాలేదు. ఏడాదంతా మేపిన మంద పోయింది. ఈ శనివారం గాలయ్య తోలుకు రావడానికి ఒక్క జీవం లేకున్నా పొద్దున్నే వచ్చి, అంగడి మొగదల గొంగడి పరుచుకొని, వచ్చే ప్రతి తెల్ల బండినీ చూస్తూ కూర్చున్నాడు.

ఇవాళ అండాలు పొట్టేళ్లు ఎక్కింది కూడా తెల్ల ట్రాలీయే.

"ఇంకో రెండు నిమిషాలు ఆగు తమ్మీ," అంది అండాలు. "డబ్బా పలకనియ్యి. పలికినాంక నిన్నెవలూ ఆపరు."

"పదిహేను నిమిషాల సంది ఆగుతున్న గదక్కా," అన్నాడు పొట్టేళ్లు కొన్న దివాకర్. "నా ఖాతలకెళ్లి పోయినయ్. ఇగో, తొంభై నాలుగు వేల ఐదు వందలు. గీ ఎండల జీవాలు సొమ్మసిల్లుతయ్. నేను అచ్చంపేట దాక పోవాలె."

దివాకర్‌కు ముప్ఫై ఏళ్లు నిండలేదు. అచ్చంపేటలో మటన్ దుకాణం. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, పొట్టేళ్ల నడుములు తడిమి చూసి బేరం చేసిన తీరుకే పనిమంతుడని అండాలుకు అర్థమైంది. భార్య సుమన బండి ముందు సీట్లో కూర్చొని నీళ్ల సీసా పట్టుకొని ఎదురుచూస్తోంది.

అండాలు తమ్ముడు బీరన్న అప్పటికే బండి తాళంచెవి లాగేసి పిడికిట్లో పెట్టుకున్నాడు. పోయిన వారం మన కథ ఆగింది అక్కడే.

చుట్టూ మనుషులు మూగడం మొదలైంది. ఒకడు బండి వెనక్కి పోయి చూసి అరిచాడు. "ఏయ్, పోయిన శనివారం వచ్చింది గీ బండే! గీ కటకటాలకే గాలయ్య కాక పొట్టేళ్లను గట్టిండ్రు!"

ఆ మాట అంగడంతా పాకింది. గాలయ్యను రెక్క పట్టుకొని తీసుకొచ్చారు.

"సూడు కాకా. గీ బండేనా?"

గాలయ్య చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. "బండైతే తెల్లదే."

"మనిషి?"

ముసలాయన దివాకర్ మొహంలోకి మొహం పెట్టి చూశాడు. దివాకర్ చేతులు జోడించాడు. "పెద్దయ్యా, నన్ను సూస్తివా ఎన్నడన్న? నేను గీ అంగడికి రావుడే ఇది మొదటిసారి."

"పొడుగుండె," అన్నాడు గాలయ్య మెల్లగా. "గిట్లనే పొడుగుండె ఒకడు."

అంతే. ఇక ఎవరికీ ఏ రుజువూ అక్కర్లేకపోయింది. గుంపు ఒక్క అడుగు ముందుకు జరిగింది. దివాకర్‌కు భయం పట్టుకుంది. బండి వెనక తలుపు గడియ సరిచేసుకొని ఎట్లాగో బయటపడదామని అటు తిరిగాడు. అండాలు అడ్డం పోయి గడియ పట్టుకుంది.

"ఇడువక్కా. పైసలిచ్చిన. జీవాలు నాయి."

"పైసలు రాలే!"

అతను ఆమె వేళ్లను గడియ మీద నుంచి ఊడదీశాడు. పెద్ద బలంగా కూడా కాదు. కానీ పొద్దటి నుంచి నీళ్లు తాగని మనిషి, అండాలు తూలి మోకాళ్ల మీద పడింది. పేడలో చేతులు ఆనాయి. పక్కనెవరో నవ్వినట్టు వినిపించింది. గాలయ్య పోయిన శనివారం ఇక్కడే, ఇదే మట్టిలో కూలబడి గుండెలు బాదుకోవడం ఆమె కళ్ల ముందు మెదిలింది. మంద పోతే తన బతుకూ అంతే. కింద పడి ఉన్న కర్ర ఒకటి దొరకబుచ్చుకొని లేచింది.

"దొంగ!" అని అరిచి, సత్తువ కొద్దీ కొట్టింది.

దెబ్బ దివాకర్ చెవి మీద పడింది. చెవి పైభాగం చీలి, రక్తం మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. అతను చెవి పట్టుకొని ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఇంతసేపు అక్కా అని పిలిచిన మనిషి కొడుతుందని అతను అనుకోలేదు.

ఆ తర్వాత అతను బీరన్న వైపు తిరిగాడు. బీరన్న పిడికిట్లోని తాళంచెవి వైపు, మళ్లీ అతని మొహం వైపు చూసి ఏదో అన్నాడు. ఆ గోలలో అండాలుకు మాట వినపడలేదు. పెదవులు కదలడమే కనపడింది. బీరన్న మొహం మాత్రం పాలిపోవడం చూసింది. మరుక్షణం బీరన్న తాళంచెవి ఉన్న పిడికిలితోనే అతని నోటి మీద గుద్దాడు. రెండు పళ్లు రక్తంతో పాటు కింద పడ్డాయి. మళ్లీ గుద్దాడు. మళ్లీ. అతను ఇంకొక్క మాట మాట్లాడకూడదన్నట్టు నోటి మీదనే గుద్దాడు.

గుంపు మీద పడింది.

పొట్టేళ్లను కట్టే తాళ్లు తెచ్చారు. దివాకర్‌ను ఈడ్చుకుపోయి కాంటా స్తంభానికి, చేతులు వెనక్కి విరిచి కట్టారు. అతని తల మీద జానెడు ఎత్తున స్కానర్ రేకు ఊగుతోంది. చెప్పులతో కొట్టినవాళ్లు చెప్పులతో కొట్టారు. కర్రలున్నవాళ్లు కర్రలతో కొట్టారు. పొద్దటి నుంచి ఒక్క జీవం అమ్ముడుపోనివాడు, ఎప్పుడో ఎక్కడో మోసపోయినవాడు, ఏమీ పోనివాడు కూడా వరసలో నిలబడ్డట్టు వచ్చి కొట్టి పోయారు. కొందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. కానీ ఇంకో చేత్తో గుద్దుతూనే ఉన్నారు. మోకాలి చిప్ప మీద ఇనుప కొక్కెంతో ఎవరో కొట్టినప్పుడు వచ్చిన చప్పుడుకు బండిలో పొట్టేళ్లు కూడా బెదిరి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

సుమన బండి దిగి పరుగెత్తుకొచ్చింది. మనుషుల కాళ్ల మధ్య దూరింది. ఎవరో జుట్టు పట్టి వెనక్కి లాగారు. ఆమె చూపించబోయిన ఫోన్‌ను లాక్కొని బండ మీద కొట్టారు. ఆమె మొగుడి దగ్గరికి పోలేక వచ్చి అండాలు రెండు కాళ్లూ చుట్టేసింది.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. డబ్బాను నమ్మకు. నీ ఫోన్ల సూడు. ఒక్కపారి సూడు. మేం దొంగలమైతే ఆడిదాన్ని ఎంటబెట్టుకొని వస్తమా?"

అండాలు బొడ్లో దోపుకున్న ఫోన్ తీసింది. సిగ్నల్ గీతలు లేవు. గుండ్రటి గీత ఒకటి తిరుగుతూనే ఉంది. అంగడి రోజున వేల మంది చేరితే ఇక్కడ ఇంతే. అవసరమైన మాట మాట్లాడాలంటే దొడ్ల వెనక గుట్ట ఎక్కాలి. అండాలు కొట్టే వాళ్ల వైపు చూసింది. కాళ్లు చుట్టుకున్న మనిషిని చూసింది. గుట్ట వైపు పరుగెత్తింది.

రెండు వందల అడుగుల బండ. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, చేతులతో పాకుతూ ఎక్కింది. సగం పైకి పోయేసరికి ఫోన్ చేతిలో అదిరింది. ఒకటి, రెండు, మూడు. పొద్దటి నుంచి ఆగిపోయిన సందేశాలన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. మధ్యలో అది ఉంది. తొంభై నాలుగు వేల ఐదు వందల రూపాయలు. పంపినవారు దివాకర్. సమయం పన్నెండూ ఏడు.

ఇప్పుడు ఒంటి గంట కావస్తోంది. తను కర్ర ఎత్తింది పన్నెండున్నరకు. అప్పటికే డబ్బు తన ఖాతాలో ఉంది.

పై నుంచి చూస్తే అంగడి నడుమ మనుషుల ముద్ద ఒకటి కనపడింది. దాని మధ్యలో కర్రలు లేస్తూ పడుతూ ఉన్నాయి. అరుపులేమీ లేవు. అలిసిపోయిన మనుషులు పని ముగించుకుంటున్నట్టు ఉంది.

"ఆపుండ్రి!" అని అరిచింది. "పైసలొచ్చినయ్! ఇడువుండ్రి ఆ మనిషిని!"

ఎవరూ తల తిప్పలేదు. జారుతూ పడుతూ కిందికి దిగింది. గుంపులో దూరింది. ఒకడి నడుము పట్టి లాగింది, ఇంకొకడి చెయ్యి కొరికింది. అరిచిన అరుపు ఎవరి చెవికీ ఎక్కడం లేదు. ఇక మాటలతో పని కాదని తెలిసి, దివాకర్ మీద పడి అతన్ని తన ఒంటితో కప్పేసింది. అప్పటికే గాలిలోకి లేచిన ఇనుప కడ్డీ ఒకటి దిగింది. ఆమె అడ్డం పెట్టిన ఎడమ మణికట్టు పటుక్కుమంది.

కడ్డీ పట్టుకున్నవాడు బీరన్న.

తమ మనిషికే దెబ్బ తగిలేసరికి గుంపు ఆగింది. అండాలు కుడి చేత్తో ఫోన్ ఎత్తి పట్టింది.

"వచ్చినయ్. పన్నెండున్నర గాకముందే వచ్చినయ్. ఈన దొంగ గాదు. సదువొచ్చినోళ్లు రాండ్రి, సదువుండ్రి."

చదవడానికి ఎవరూ రాలేదు. దగ్గరున్నవాళ్లు చూపులు పక్కకు తిప్పుకున్నారు. ఒకడు తన కర్రను మట్టిలో రాసి తుడిచాడు. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. ఎవరి జీవాలను వాళ్లు విప్పుకున్నారు. పది నిమిషాలు తిరక్కుండా అంగడి సగం ఖాళీ అయింది. ఇందాక ఈడ్చుకొచ్చినవాళ్లే ఇప్పుడు అటు చూడకుండా దూరంగా నడిచి పోయారు. మిగిలింది గాలయ్య ఒక్కడు.

"నాకు సరిగ కానరాదు బిడ్డా," అన్నాడు ముసలాయన. "కండ్లల్ల పొర వచ్చింది. బండి తెల్లదన్న. గంతే అన్న. గంతే గద అన్న?"

దివాకర్ తల గుండెల మీదికి వాలిపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఏదో గురగురమంటోంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. సుమన అండాలు బల్ల మీదున్న కత్తి తీసుకొని తాళ్లు కోయడం మొదలుపెట్టింది. ఏడవడం లేదు. పళ్లు బిగబట్టి కోస్తోంది.

బీరన్న వచ్చి అక్క పక్కన గొంతుకూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"అక్కా, నా మాట ఇను. పైసలు వాపస్ కొట్టు."

"ఏందీ?"

"గా ఫోన్లనే ఉంటది గద, వాపస్ కొట్టేది. ఇప్పుడే కొట్టు. పైసలు రానట్టే అయితది. మెసేజ్ తీసెయ్. ఆడు దొంగ, టిక్కు సూపెట్టి జీవాలు ఎక్కించిండు, జనం కొట్టిండ్రు. గీ ఒక్క మాట మీద ఉందాం. అంగడంత గదే మాట మీద ఉంటది."

"బతికున్న మనిషిని పట్టుకొని గట్లెట్ల మాట్లాడుతవ్‌రా?"

"బతికుంటెనే గద బాధ."

అండాలు తమ్ముడి మొహంలోకి చూసింది. తల్లి చనిపోయినప్పుడు బీరన్నకు ఏడేళ్లు. అన్నం కలిపి పెట్టింది, పెళ్లి చేసింది, దొడ్డి అప్పజెప్పింది. ఆ మొహంలో ఆమెకు తెలిసిన మనిషి కనపడలేదు.

"చాబీ ఇయ్యి," అంది. "దవాఖానకు తీస్కపోవాలె."

"ఫోన్ ఇయ్యి. ఇస్త."

ఆమె ఫోన్ వెనక్కి దాచుకుంది. బీరన్న చప్పున ఆమె విరిగిన మణికట్టు పట్టుకొని మెలితిప్పాడు. లోపల ఎముక ఎముక రాసుకుంది. అండాలు కేక పెట్టి, కళ్లు చీకట్లు కమ్మి ఒరిగిపోయింది. అయినా కుడి పిడికిలి విడవలేదు. బీరన్న మోకాలు ఆమె ఛాతీ మీద ఆన్చి వేళ్లు ఒక్కొక్కటి ఎత్తసాగాడు.

సుమన వెనక నుంచి వచ్చింది. తాళ్లు కోసిన కత్తితోనే అతని ముంజేతి మీద ఒక్క వేటు వేసింది. చర్మం నోరు తెరిచినట్టు విచ్చుకుంది. బీరన్న వెర్రికేక పెట్టి చెయ్యి పట్టుకొని లేచాడు. తాళంచెవి మట్టిలో పడింది. అండాలు పడుకున్న చోటు నుంచే కాలు చాపి దాని మీద పెట్టింది.

"ఇంకో అడుగు ఏస్తే పేగులు తీస్త," అంది సుమన. రోజూ మాంసం కొట్టే చెయ్యి అది. కత్తి వణకలేదు.

బీరన్న వెనక్కి జరిగాడు. వేళ్ల సందుల్లో నుంచి రక్తం కారుతుంటే అక్కను చూసి ఒక రకంగా నవ్వాడు.

"పో. తీస్కపో. గా ఫోన్ పోలీసోళ్లకు ఇయ్యి. మునిగేది నేను గాదు అక్కా, నువ్వు."

ఆ మాటేమిటో అండాలుకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక లేదు. ఇద్దరు ఆడవాళ్లూ, గాలయ్యా కలిసి దివాకర్‌ను ముందు సీట్లోకి ఎత్తారు. అతని తల అండాలు ఒడిలో పెట్టారు. పొట్టేళ్లను దింపే సమయం లేదు. గాలయ్య వెనక వాటి మధ్యకే ఎక్కాడు.

"నేను గూడ వస్త. నా నోటి మాటకే గద కొట్టిండ్రు," అన్నాడు.

సుమన బండి తీసింది. రోజూ దుకాణానికి మాంసం తెచ్చే ఆటో నడిపేది తనే అని తర్వాత తెలిసింది. గతుకుల దారిలో దివాకర్ మూలిగినప్పుడల్లా వేగం తగ్గిస్తుంది, మళ్లీ పెంచుతుంది. నల్గొండ ఇంకా ఇరవై కిలోమీటర్లు.

"మీ తమ్మునికి నా పెనిమిటి ఏమన్నడో ఎరికేనా?" అంది చాలాసేపటికి, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఇనబడలే."

"బస్సు దిగి మల్లేపల్లిల గీ బండి కిరాయికి తీసుకున్నం. బండాయన నోట్‌బుక్కుల మా పేరు, ఊరు రాయించుకున్నడు. మా పేరుకు పైన రాసున్న పేరు బీరన్న. రాళ్లవాగు. పోయిన శనివారం తారీకు. 'గాయన పేడ గూడ కడగకుంట ఇచ్చిండు, మీరన్న కడిగి ఇయ్యుండ్రి' అన్నడు బండాయన. అంగడిల మీరంత బీరన్నా బీరన్నా అని పిలుస్తుంటె ఈన పోల్చుకున్నడు. 'పోయిన వారం గీ బండి తీస్కపోయింది నువ్వే గద అన్నా, నువ్వన్న చెప్పు అప్పుడు వచ్చింది మేం గాదని' అన్నడు. మీ తమ్ముడు నా కిటికీ పక్కనే నిలబడె, నేను బండిల కూసొని ఇన్న. గా మాటకే పండ్లు రాలగొట్టిండు."

అండాలుకు చేతి నొప్పి కూడా తెలియడం మానేసింది.

గాలయ్య పొట్టేళ్లను ఎత్తుకుపోయిన బండిని పంపింది తన తమ్ముడు. అందుకే ఇవాళ డబ్బా పలకలేదనగానే అందరికంటే ముందు తాళంచెవి లాగాడు. ముసలాయన బండిని గుర్తుపట్టేలోగా దొంగ ఎవరో చూపించేశాడు.

ఆ తర్వాతే ఆదివారం గుర్తొచ్చింది.

పోయిన ఆదివారం పొద్దున డబ్బా రెండుసార్లు పలికింది. అరవై వేలు ఒకసారి, యాభై వేలు ఇంకోసారి. అవి ఎక్కడివని అడిగింది. "హైదరాబాదు దోస్తు పాత బాకీ అక్కా. నా ఫోన్ల పడ్తలేవు, నీ స్కానర్‌కు కొట్టమన్న" అన్నాడు బీరన్న. సోమవారం బ్యాంకుకు పోయి, తనే సంతకం పెట్టి, నోట్లు తీసుకొచ్చి అతని చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే గాలయ్యను ఓదార్చడానికి వాళ్లింటికి కూడా పోయింది.

పదకొండు పొట్టేళ్ల డబ్బు తన ఖాతాలోనే దిగింది. తన చేతుల మీదుగానే బయటికి పోయింది. చూసేవాళ్లకు బీరన్న పేరు ఆ లెక్కలో ఎక్కడా లేదు.

మునిగేది నేను గాదు, నువ్వు.

ముందు కాలువ వంతెన వచ్చింది. నీళ్లు నిండుగా పారుతున్నాయి. కిటికీ తెరిచే ఉంది. ఫోన్ కుడి చేతిలోనే ఉంది. విసిరేస్తే ఒక్క క్షణం పని. ఆదివారం నాటి డబ్బు ఇప్పటికి ఎవరి కంటికీ కనపడదు. కానీ పన్నెండూ ఏడుకు వచ్చిన డబ్బు కూడా దానితో పాటే మునుగుతుంది. సుమన ఫోన్‌ను అంగడిలో ముక్కలు చేశారు. దివాకర్ ఫోన్ ఎవరు తీసుకుపోయారో తెలియదు. ఈ మనిషి దొంగ కాదని చెప్పగలిగింది ఇప్పుడు ఇదొక్కటే.

ఒడిలో దివాకర్ దగ్గాడు. ఆమె చీర మీద రక్తం చిమ్మింది. వంతెన దాటిపోయింది. ఆమె వేళ్లు నొప్పెట్టేలా ఫోన్ పట్టుకునే ఉంది.

దవాఖానలో అతన్ని లోపలికి తీసుకుపోయారు. పక్కటెముకలు విరిగి ఒకటి ఊపిరితిత్తిలో గుచ్చుకుందని, ఆపరేషన్ చేయాలని, ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ సుమనకు చెప్పి కాగితం మీద సంతకం పెట్టించుకుంది. అండాలు చేతికి అట్టముక్కలు కట్టి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. గాలయ్య ఎదురుగా గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. ఒంటి నిండా పేడ, పొట్టేళ్ల వెంట్రుకలు.

హెడ్ కానిస్టేబుల్ రాంచందర్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. బెంచీ చివర కూర్చొని పుస్తకం తెరిచాడు.

"దొంగను పట్టుకొని కొట్టిండ్రంట గద అమ్మా. అంగడికెళ్లి ఫోన్ వచ్చింది."

"దొంగ గాదు సారూ."

"మరి ఎందుకు కొట్టిండ్రు?"

"ముందుగాల నేనే కొట్టిన. నేనే దొంగ అన్న. రాస్కోండ్రి."

రాంచందర్ తలెత్తి ఆమెను చూశాడు. "జర సోంచాయించుకొని చెప్పు. నేను రాస్తే మళ్ల మాపుడు ఉండదు. ఆ మనిషి గీ రాత్రి గడవకుంటే నీ మీద పడేది చిన్న కేసు గాదు."

"రాయుండ్రి. చెవి మీద కొట్టింది నేను. నోటి మీద కొట్టింది, కడ్డీతోటి కొట్టింది మా తమ్ముడు బీరన్న."

"సొంత తమ్ముడా?"

"సొంత తమ్ముడే."

రాంచందర్ అది కూడా రాసుకున్నాడు. "దొంగ గాదని నీకెట్ల ఎరుక?"

అండాలు ఫోన్ తీసింది. పన్నెండూ ఏడుకు వచ్చిన సందేశం తెరిచి చూపించింది. రాంచందర్ కళ్లద్దాలు పెట్టుకొని చదివాడు. సంఖ్య రాసుకున్నాడు. సమయం రాసుకున్నాడు. ఫోన్ తిరిగి ఇవ్వబోయాడు.

తీసుకుంటే అయిపోయేది. అతను అడగలేదు కూడా. అండాలు చెయ్యి చాపలేదు.

"ఇంకా పైకి జరుపుండ్రి సారూ. పోయిన ఆదివారం దాక."

అతను వేలితో జరిపాడు. ఒకచోట ఆగాడు. "అరవై వేలు. యాభై వేలు. ఇవెవలియి?"

వరండాలో స్ట్రెచర్ చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చి దాటిపోయింది. గోడ దగ్గర గాలయ్య తల మెల్లగా పైకి లేచింది. కళ్లకు పొర వచ్చింది కానీ చెవులు బాగానే పని చేస్తాయి.

కానిస్టేబుల్‌తో కాదు, ముసలాయన వైపు తిరిగి అండాలు చెప్పింది.

"నీయే కాకా. నీ పదకొండు పొట్టేళ్ల పైసలు. నా ఖాతలకే వచ్చినయ్."

గాలయ్య గోడ పట్టుకొని, కర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు. ఆమె వైపు నడవసాగాడు. రాంచందర్ పుస్తకం పక్కన పెట్టి సగం లేచాడు. అండాలు అతన్ని ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. బెంచీ మీద నుంచి కదల్లేదు. ముసలాయన వచ్చి సరిగ్గా ఆమె ముందర ఆగాడు. కర్రను నేల మీద నుంచి పైకి తీసి, రెండు చేతులతో పట్టుకున్నాడు.